బొత్తాల డబ్బాలో మాత్రలు

ఆ ఇంట్లో పొద్దున్నే కుట్టుమిషను కంటే ముందు అత్తగారి నోరు మొదలవుతుంది. ఆవిడ ఒక్క కేక వేస్తే వీధి మలుపులో సైకిళ్లు వాటంతటవే పడిపోతాయని మామగారు ప్రమాణం చేసి మరీ చెబుతారు. కోడలు నవ్వీ నవ్వనట్టు నవ్వి ముందుగదిలో కుట్టుపనికి కూర్చుంటుంది. ఉయ్యాల్లో రెండు నెలల బుజ్జిది. దానికి పొద్దున్నే మాత్ర నూరి, కాసిని పాలచుక్కల్లో కలిపి పట్టడం అత్తగారి వంతు.

ఆ రోజు చొక్కాకి తెల్ల బొత్తాం కావాలని కోడలు డబ్బా వంచింది. బొత్తాలతో పాటు నాలుగు తెల్ల మాత్రలు దొర్లాయి. చిల్లుల్లేని బొత్తాలేమిటా అని ఒక్క క్షణం చూసింది. అంతే, ఒళ్లు భగ్గుమంది.

"అత్తయ్యా! ఇవేంటి?"

"అరవకు, ఎవరైనా వింటారు. పాలు తాగే పిల్లకి రోజూ మందేంటే? ఎంత బుద్ధిగా పడుకుందో చూడు, ఏడుపన్నదే లేదు!"

"ఏడవకపోవడమే జబ్బని డాక్టరమ్మ చెప్పిందిగా! పుట్టుకతోనే దానికి థైరాయిడ్ పనిచేయట్లేదు. మాత్ర మానేస్తే బుర్ర ఎదగదు. నా బిడ్డ బతుకుతో ఆటలాడారు మీరు!"

"రోగిష్టి పిల్లని నలుగురూ అంటే నేను తలెత్తుకోగలనా? మాది మచ్చలేని వంశం. ఇదంతా నీ పుట్టింటి సరుకే!"

కోడలు మెడలోని కొలత టేపు లాగి బల్ల మీద కొట్టింది.

"సరుకు ఇద్దరమూ తెచ్చాం. పాడైన జన్యువు నా దగ్గర ఒకటి, మీ అబ్బాయి దగ్గర ఒకటి. ఒక్కటే ఉంటే మనిషికి ఏమీ తెలీదు. రెండూ దాని ఒంట్లో కలిశాయి. ఇంట్లో ఎవరికైనా మెడ వాపుందా అని డాక్టరమ్మ అడిగితే మీ అబ్బాయి లేదన్నారు. ఆయనకేం తెలుసు పాపం! మీ జాకెట్లు కుట్టేది నేను. ఏటా మీ కాలర్ వదులు చేసేదీ నేనే. ఆ వాపు చూస్తే మీకూ రెండూ ఉన్నట్టే ఉంది, అందులో ఒకటి మీ అబ్బాయికి వచ్చింది. మర్యాదకని నోరు మూసుకున్నాను!"

మూల కుర్చీలో పేపరు చదువుతున్న మామగారు జోకు వెయ్యబోయి, పేపరు మడిచి పక్కన పెట్టారు.

అత్తగారి చెయ్యి కాలర్ మీదికి వెళ్లింది. జీవితంలో మొదటిసారి ఆవిడ మెల్లగా మాట్లాడింది.

"చిన్నప్పుడు బళ్లో ఊరికే నిద్రొచ్చేది. మొద్దు మొద్దని బెంచీ ఎక్కించేవాళ్లు. నాదే ఒళ్లు బద్ధకమనుకున్నాను... ఇదీ నాలాగే బెంచీ మీద నిలబడుతుందా అమ్మాయ్?"

కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం మాత్రం దిగలేదు.

"మెడ వాపు మీ తప్పు కాదు అత్తయ్యా. ఆ వయసులో మిమ్మల్ని బెంచీ ఎక్కించడం వాళ్ల తప్పు. ఈ మాత్రలు దాచడం మాత్రం ముమ్మాటికీ మీదే."

"నాదే" అంది ఆవిడ.

కోడలు డాక్టరమ్మకి ఫోన్ చేసి, మాత్రలు తప్పిన సంగతి దాచకుండా చెప్పింది. ఈ రోజు మాత్ర పట్టి పాపని వెంటనే తీసుకురమ్మంది డాక్టరమ్మ. ఈలోగా అత్తగారు కొత్త మాత్ర నూరి, చెంచా అడుగున పొడి మిగలకుండా పట్టింది. తర్వాత గొంతు దగ్గర బొత్తాం విప్పుకుంది.

"నన్నూ ఆ డాక్టరమ్మకి చూపించు. ఇకమీదట జాకెట్లు మెడ దించి కుట్టు."

కోడలు టేపు చేతిలోకి తీసుకుంది.

మూతికి మందు అంటుకున్న బుజ్జిది మొహం చిట్లించి కెవ్వుమంది. ఎవరూ ఊరుకోబెట్టలేదు.

"సైకిళ్లు పడ్డాయేమో చూసొస్తా" అంటూ మామగారు కళ్లు తుడుచుకుని లేచారు.