పావుగంట పని

ఆదివారం పొద్దున్న ఆమె వంటింట్లో గిన్నెలు సర్దుకుంటుంటే ముందుగదిలోంచి కూతురి కేక వినబడింది.

"అమ్మా, తొందరగా రా! మన ముసలాడు లేచి పరిగెడుతున్నాడు!"

ముసలాడంటే ఆ ఇంట్లోని కంప్యూటర్. కిటికీ పక్క బల్ల మీద ఏళ్ల తరబడి మూలుగుతున్న ఆ యంత్రానికి కూతురే ఆ పేరు పెట్టింది. మీట నొక్కి వెళ్లి, పాలు కాచి, గది ఊడ్చుకుని వస్తే గానీ తెర మీద బొమ్మ వచ్చేది కాదు.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. భర్త నేల మీద చతికిలబడి సీపీయూ డబ్బాకి పక్కరేకు బిగిస్తున్నాడు. ఆయన ఓ పెద్ద ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. అక్కడ అందరూ ఆయన్ని 'డాక్టరు గారూ' అని పిలుస్తారు. ఎవరి బల్ల మీద యంత్రం మొరాయించినా, అన్నం ముందు కూర్చున్నా సరే, చెయ్యి కడుక్కుని పరిగెడతాడని పేరు.

మొన్న భోజనాల దగ్గర కూతురు ఒక్క మాటంది. "నాన్నా, కాలేజీలో భవనాల డ్రాయింగులు మొదలయ్యాయి. ఆ సాఫ్ట్‌వేర్ ముసలాడు మొయ్యలేడు." అంతే, నిన్న సాయంత్రానికల్లా ఆయన కొత్త ర్యామూ, పాత హార్డ్ డిస్క్ బదులు పెట్టడానికి వేగంగా నడిచే ఒక ఎస్ఎస్‌డీ పట్టుకొచ్చాడు.

"చూడమ్మా" అంటూ కూతురు యంత్రాన్ని ఆపి మళ్లీ మీట నొక్కింది. ఊపిరి తీసి వదిలేలోపు తెర వెలిగింది.

"ఎలా ఉంది?" అన్నాడాయన, మెచ్చుకోలు కోసం ఆమె ముఖంలోకి చూస్తూ.

"బాగుంది. ఎంతసేపు పట్టిందండీ?"

"బిగించడానికి పావుగంట. పాత డిస్కులోవన్నీ ఇందులోకి ఎక్కేసరికి ఇంకో గంట. అదేమంత పెద్ద పని కాదులే."

"పావుగంట" అంది ఆమె. ఆ మాటని నోట్లో వేసుకుని రుచి చూసినట్టు మళ్లీ అంది, "పావుగంట."

పెళ్లికి ముందే నేర్చుకున్న పని ఆమెది. ఒక ప్రెస్సుకి పుస్తకాల పేజీలు కట్టి ఇచ్చేది. అక్షరాలు సరిచూసుకుని, బొమ్మలు ఎక్కడ కూర్చోవాలో కూర్చోబెట్టి, పుస్తకాన్ని అచ్చుకి సిద్ధం చేసేది. వట్టి అక్షరాలైతే ముసలాడు ఎలాగో నెట్టుకొచ్చేవాడు. బొమ్మ వచ్చిందంటే మాత్రం బిగుసుకుపోయేవాడు. చేసిందంతా పోయేది. మళ్లీ మొదటికి. ఆమె అడిగినప్పుడల్లా ఆయన చెప్పే సమాధానం ఒకటే. "పనిచేస్తోందిగా! చూద్దాంలే."

"ఏమైంది నీకు?" ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "సంతోషపడతావనుకుంటే ముఖం అలా పెట్టావేంటి? ఇక నీ పేజీలు కూడా గుర్రాల్లా దౌడు తీస్తాయి."

"ఏ పేజీలు?"

"అదేంటి, నీ ప్రెస్సు పని."

"ప్రెస్సు పని పోయింది కదండీ. వానాకాలంలోనే పోయింది."

కూతురు గిరుక్కున కుర్చీ తిప్పింది. "అదేంటమ్మా! మాకు చెప్పనే లేదు!"

"చెప్పాను. పిల్లల కథల పుస్తకం చేస్తుంటే ఇది రోజూ ఆగిపోయేది. ప్రెస్సాయన చాన్నాళ్లు ఓపికపట్టాడు. చివరికి, 'ఏమీ అనుకోకమ్మా, నీ దగ్గర ఇస్తే ఆలస్యమవుతోంది' అని ఫైళ్లన్నీ వేరేవాళ్లకి ఇచ్చేశాడు. ఆ రోజు అన్నాలు వడ్డిస్తూ మీ ఇద్దరికీ చెప్పాను. నువ్వు ఫోన్‌లో ఉన్నావు. మీ నాన్నేమన్నారో అడుగు."

ఆయన నుదురు చిట్లించాడు.

"గుర్తులేదా? నేను చెబుతాను. 'పోనీలే, ఇక హాయిగా రెస్ట్ తీసుకో' అన్నారు. అని, పెరుగు ఇటు జరపమన్నారు."

"నేను... నువ్వంత బాధపడుతున్నావని అనుకోలేదు."

"ఆఫీసులో ఎవరు పిలిచినా పరిగెడతారు. కూతురు ఒక్కసారి అడిగితే ముక్కలు పట్టుకొచ్చారు. నేను అడిగీ అడిగీ నోరు నొప్పెట్టి మానుకున్నాను. మీకు కుదరలేదనుకున్నానండీ ఇన్నాళ్లూ. చాలా పెద్ద పనేమో, పాపం, తీరిక దొరకట్లేదేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పావుగంటట!"

ఆమె పైట చెంగుతో ముఖం ఒత్తుకుంది. కూతురు మెల్లగా కుర్చీలోంచి లేచి గోడకి ఆనుకుంది.

"నేను ప్రెస్సాయనతో మాట్లాడతాను" అన్నాడాయన.

"ఏమని? మా ఆవిడకి ఇప్పుడు యంత్రం బాగుచేసి పెట్టానని చెబుతారా? వద్దు."

"పోనీ, నువ్వు చేసే పనేంటో ఒక్కసారి చూపించు."

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. ఆమెకి నవ్వొచ్చింది, చేదుగా. అయినా వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆయన స్టూలు లాక్కుని పక్కన చేరాడు.

పాత డిస్కులోంచి వచ్చిన తన పిల్లల కథల పుస్తకం తెరిచింది. మొదటి పేజీ మీద క్లిక్ చేసి, మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పేజీ అప్పటికే వచ్చేసింది. కాసేపాగి తెర వైపు తిరిగి, తర్వాతి పేజీ నొక్కింది. మళ్లీ చెయ్యి ఒళ్లోకి వచ్చింది. మళ్లీ చూపు కిటికీ వైపు.

"వచ్చేసింది" అన్నాడాయన మెల్లగా.

"ఆ. అలవాటైపోయింది."

ఆయన తల దించుకున్నాడు. భుజాలు కదిలాయి. ఆయన ఏడవడం అత్తగారు పోయినప్పుడు ఆమె చూసింది, మళ్లీ ఇప్పుడే చూసింది.

"తప్పైపోయింది."

ఫరవాలేదని ఆమె అనలేదు. అనబుద్ధి కాలేదు.

"రేపు వేరే ప్రెస్సులకి నేనే వెళ్లి అడుగుతాను. దొరికితే దొరుకుతుంది, లేకపోతే లేదు. దొరికితే మాత్రం పగలంతా ఇది నాది" అంది కూతురి వైపు చూసి. "తర్వాతే నీ డ్రాయింగులు."

"సరేనమ్మా" అంది కూతురు. గోడ దగ్గర్నుంచి వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

ఆమె తర్వాతి పేజీ నొక్కింది. భర్త వైపు చూడలేదు. కానీ ఆయన్ని స్టూలు మీంచి లెమ్మని కూడా అనలేదు.