గట్టు రాయి, సగంలో ఆగిన అప్‌డేటు

నందికొట్కూరు అవతల తెల్లరాయి గట్టని ఒకటుంది. పొద్దుగూకితే ఆ పక్కకు ఎవరూ పోరు. రెండు చేల మధ్య హద్దుగా పాతిన రాయి రాత్రిళ్లు దానంతటదే జరుగుతుందని చెప్పుకుంటారు... నేను చూడలేదు, విన్నది చెప్తున్నా.

ఆ రెండు చేలలో ఒకదాని ఆసామి వీరభద్ర మాత్రం నవ్వేవాడు. రాయి జరిగేమాట నిజమే — ఎప్పుడు జరిగినా అతని చేలోకే జరిగేది. జరిపే దెయ్యం పేరు నాగన్న అనీ, అది పక్క చేనే దున్నుకుంటుందనీ అతని గట్టి నమ్మకం.

పంచాయితీ పెట్టించాడు. సాక్ష్యం కావాలి కదా. నిండు వెన్నెల రాత్రి రాయికి ఎదురుగా తుమ్మచెట్టుకు ఫోను కట్టి, వీడియో ఆన్ చేసి ఇంటికొచ్చాడు.

తెల్లారి ఫోను తెచ్చి ఛార్జింగు పెట్టాడు. అప్‌డేటు చేయాలా అని అడిగింది. ఫోను ఏది అడిగినా సరే అనడం మనకు అలవాటే కదా, ఇతనూ సరే అన్నాడు. అది సగంలో ఆగిపోయింది. కంపెనీ గుర్తు వెలుగుతుంది, ఆరుతుంది... వెలుగుతుంది, ఆరుతుంది. వీడియో ఇంకా చూడనే లేదు.

మరుసటి పొద్దున్నే పంచాయితీ. ఆ సాయంత్రమే వీరభద్ర, అవినాష్ నడిపే కంప్యూటర్ షాపులో తేలాడు.

"అంతా తుడిచేసి కొత్తగా ఎక్కిస్తే బిన్నా, పది నిమిషాల్లో అయిపోతాదన్నా."

"వీడియో పోతే నా చేను పోయినట్లేనప్పా."

ఏదీ తుడవకుండా, కంప్యూటర్‌కు తగిలించి అప్‌డేటు మళ్లీ పెట్టాడు అవినాష్. తెర మీద గీత సగం దాకా వచ్చింది... ఫోను కనపడడం లేదంది కంప్యూటర్. కేబులు మార్చాడు. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేశాడు. సగం దాకా రావడం — తెగిపోవడం. బయట చీకటి పడింది.

"రాత్రంతా ఆ గట్టు కాడ ఉండిన ఫోను గదన్నా..." అవినాష్ గొంతు తగ్గించాడు. వీరభద్ర నుదురు తుడుచుకున్నాడు.

అవినాష్ టార్చి వేసి ఛార్జింగు బొక్కలోకి చూశాడు. లోపలంతా... ఎరుపు. పుల్లతో గీకితే టేబుల్ మీద ఎర్రగా రాలింది. ఇద్దరూ వెనక్కి జరిగారు.

"అన్నా... దసరాకు దీనికి గూడా పూజ చేసినారా?"

చేశారు. ఆయుధపూజ నాడు ట్రాక్టరుకు, మందు కొట్టే యంత్రానికి పెట్టినట్లే వీరభద్ర భార్య రమణి ఫోనుకూ కుంకుమ పెట్టింది. అద్దం మీదైతే చెరిగిపోతుందని, తడిపి మరీ కింద బొక్క కాడ పెట్టింది. కేబులు కుదురుగా కూర్చుంటే కదా! దెయ్యం దొరికిందని ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

శుభ్రం చేశాక గీత చివరిదాకా పోయింది. ఫోను లేచింది. నాగన్న మొహం చూద్దామని వీరభద్ర ఆశగా వీడియో తెరిచాడు.

వెన్నెల. గట్టు. తెల్లరాయి. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత రాయి కొంచెం ఊగింది... మెల్లగా వీరభద్ర చేలోకి జరిగింది. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు.

అవినాష్ లేచి షాపులో లైట్లన్నీ వేశాడు.

పొద్దున పెద్దలు వీడియో చూపమన్నారు.

"అప్‌డేటులో పోయిందప్పా," అన్నాడు వీరభద్ర తల ఎత్తకుండా. "రాయి యాడుంటే ఆడనే నా గట్టు."

నాగన్న సంతోషపడాలి కదా. జనమంతా లేచిపోయేదాకా ఆగి, దగ్గరకొచ్చి చెవిలో అడిగాడంట —

"నువ్వు గూడా చూసినావా?"