ధర మాట్లాడొద్దు

"ఆపు! బండి ఆపు!"

ఆగడం లేదు.

బండి ఇంకా వేగం అందుకుంటోంది...

వెనక సీటు మీద సగం కూర్చుని, సగం వేలాడుతోంది ఆమె. ఒక కాలు ఫుట్‌రెస్ట్ మీద. రెండో కాలు గాల్లో. కుడికాలి చెప్పు ఏ మలుపులో జారిపోయిందో తెలీదు.

ముందు కూర్చున్నవాడు తల కూడా తిప్పడు.

సాయంత్రం ఏడు. అప్పుడే చీకటి పడింది. ఎదురుగా లారీ... కళ్ళు చెదిరే వెలుగు... చెవులు గింగురుమనే హారన్!

బండి పక్కకి కోసుకుపోయింది. లారీ గాలి ఆమె చెంప మీద ఛెళ్ళున కొట్టింది.

రెండు నిమిషాల కిందట ఇదే మనిషి వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబడి, "చల్లగా ఉండమ్మా" అని దీవించి మరీ, ఆమె ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన ఈ బండి తాళం తీసుకున్నాడు. అంతకు ముందే ఆమె ఫోన్లో మెసేజ్ మెరిసింది. డెబ్బై వేలు జమ! పైన ఇంట్లో ఉన్న మొగుడికి సంబరంగా దాన్ని పంపింది.

ఇతను బండి స్టార్ట్ చేస్తుండగా మొగుడి ఫోన్.

"తాళం ఇచ్చేశావా? ఇవ్వకు! ఖాతా తెరిచి చూశాను. చిల్లిగవ్వ కూడా పడలేదు!"

"మెసేజ్ వచ్చిందిగా!"

"అది బ్యాంకు మెసేజ్ కాదే! ఎవడో సొంత ఫోన్ నుంచి టైప్ చేసి పంపాడు!"

అంతే... కదులుతున్న బండి మీదికి వెనక నుంచి ఎగిరి దూకింది.

కాలనీలో ఆమెని అందరూ మాస్టారమ్మ అంటారు. పన్నెండేళ్ళుగా ఆడవాళ్ళకి బైక్ నేర్పుతోంది. ముందున్నవాళ్ళు బెదిరి బిగుసుకుపోతే, వెనక కూర్చుని బండి ఆపడం ఆమెకి కూడు పెట్టే విద్య.

కాకపోతే వాళ్ళెవరూ గంటకి డెబ్బై కిలోమీటర్ల స్పీడులో బెదరలేదు!

ఫ్లైఓవర్ కింద దారి వచ్చింది. ఖాళీగా ఉంది.

ఇప్పుడే... ఇక్కడే...

అతని వీపుకి ఛాతీ ఆనించింది. ఎడమ చెయ్యి ముందుకి చాచి క్లచ్ నొక్కేసింది. కుడి చేతి వేళ్ళు బ్రేకు మీద, బొటనవేలు ఇంజన్ కట్ బటన్ మీద...

టక్!

ఇంజన్ చచ్చిపోయింది. బండి ఊగింది... తూలింది... పిల్లర్‌కి జానెడు దూరంలో ఆగింది.

తాళం లాగేసి కిందికి దూకింది. ఎవడైనా మీద పడితే ముక్కు పగలగొట్టడానికి పిడికిలి బిగించింది.

అతను మీద పడలేదు.

రెండు చేతులూ పైకెత్తి గొంతు చించుకుని అరిచాడు.

"దొంగ! దొంగ! ఎవరైనా రండి బాబూ... దొంగది!"

మాస్టారమ్మ పిడికిలి గాల్లోనే ఆగిపోయింది.

దొంగ అరవాల్సిన అరుపు కాదది.

"ఎవరయ్యా దొంగ? నా బండి ఎత్తుకుపోతూ నన్నంటావా!"

"డబ్బు పుచ్చుకుని బండి లాక్కుంటావా! నువ్వు వెనక నుంచి వచ్చి ఏడుస్తావని మీ అన్నయ్య ముందే చెప్పాడు! ఆగొద్దన్నాడు!"

"ఏ అన్నయ్య? నాకు అన్నయ్యే లేడు!"

అతను చేతులు దించాడు. యాభై దాటిన మనిషి. చొక్కా మోచేతుల దాకా మైదా పిండి. బేకరీ మేస్త్రీ. పొయ్యి వెలిగించడానికి తెల్లారకట్ల బస్సు దొరక్క బండి కొంటున్నాడట.

"మరి... మీ ఆయన పోయి ఆర్నెల్లే అయిందని... ఆయన బండి అమ్ముకుంటూ కుమిలిపోతున్నారని... ధర ఎత్తితే తట్టుకోలేరని..."

"మా ఆయనా? ఇంట్లో బట్టలు మడతేస్తున్నాడు!"

అందుకా ఆ దీవెన!

ఆమెకి ఫోన్లో తనతో చెప్పిన మాట గుర్తొచ్చింది. "నువ్వు, బండి కొంటానని నాతో బేరం కుదుర్చుకున్న బండి సార్ బావమరిదివి కదూ? మతి నిలకడ లేదనీ, డబ్బు మాటెత్తితే ఫిట్స్ వస్తాయనీ..."

"నాకా! ఫిట్సా!"

ఇందాక సెల్లార్‌లో అరగంట సేపు ఇద్దరూ ఒకరినొకరు పసిపిల్లల్లా బుజ్జగించుకున్నారు. ఒకరికి దుఃఖం. ఒకరికి జబ్బు. బండి ధర మాత్రం ఎవరి నోటా రాలేదు.

"ఎంతన్నాడు నీకు?"

"నలభై ఐదు. పాతిక వేలు ఆన్‌లైన్‌లో పంపాను. బండి చేతికొచ్చాక మిగతా ఇరవై పంపమన్నాడు."

"నేను పెట్టింది డెబ్బై!"

ఫోన్లు తీశారు. ఆమె ఫోన్లో 'బండి సార్'. అతని ఫోన్లో 'బండి అన్న'. పక్కపక్కన పెట్టి చూశారు.

ఒకటే నంబరు!

ఆమె ప్రకటనలోని ఫొటోలు ఎత్తి, తక్కువ ధరకి ఇంకో ప్రకటన పెట్టాడు వాడెవడో. కొనేవాణ్ణి ఆమె దగ్గరికి తోలాడు. డబ్బు మాత్రం తన జేబుకి తిప్పుకున్నాడు. చెరొక చెవిలో చెరొక పువ్వు!

మేస్త్రీ ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు. "పాతిక వేలమ్మా... ఏడాదిపాటు కూడబెట్టాను..."

"లే మేస్త్రీ! ఏడవడానికి తర్వాత టైముంది."

అప్పటికే పోలీస్ కంట్రోల్ రూమ్‌కి డయల్ చేస్తోంది. అవతల ఒక ఆడ ఆఫీసర్. తడబడకుండా, వరసగా అడిగింది. ఏ ఖాతాకి పంపారు? ఎన్నింటికి?

"గంట కాకుండానే చెప్పారు, మంచి పని చేశారు. ఆ ఖాతా ఇప్పుడే ఆపిస్తాం. మీరు మాత్రం..."

మేస్త్రీ ఫోన్ మోగింది.

బండి అన్న!

ఆఫీసర్‌కి వినపడేలా రెండు ఫోన్లూ దగ్గరికి చేర్చి, స్పీకర్ నొక్కింది మాస్టారమ్మ.

"ఏం అన్నా... బండి ఎలా ఉంది?" మెత్తటి గొంతు. తేనె పూసినట్టుంది.

ఆమె మేస్త్రీ భుజం గిల్లింది.

"బ్... బాగుందన్నా. గుర్రంలా పోతోంది."

"మరి ఆ ఇరవై?"

మేస్త్రీ ఆమె వైపు చూశాడు. ఆమె గాల్లో నోట్లు లెక్కపెట్టినట్టు వేళ్ళు ఆడించింది.

"ఇవాళ్టికి ఆన్‌లైన్ లిమిట్ అయిపోయిందన్నా. క్యాష్ ఉంది. తీసుకుంటావా?"

ఒక సెకను... రెండు... మూడు...

తెలిసిపోయిందా?

"సరే. మార్కెట్ వెనక బ్యాంకు ఉందే, దాని గేటు పక్కన సంచి పెట్టి వెళ్ళిపో. ఎర్ర టోపీ పెట్టుకుని మా మనిషి వస్తాడు. పావుగంటలో!"

కట్!

"విన్నాను," అంది ఆఫీసర్. "మా వాళ్ళు పది, పదిహేను నిమిషాల్లో అక్కడుంటారు. సంచి పెట్టి దూరంగా జరగండి. ఎవర్నీ పట్టుకోవద్దు. అర్థమైందా? ఈ లైన్ కట్ చేయొద్దు!"

"బ్యాటరీ రెండు గీతలే ఉందమ్మా."

"అయితే ఆయన ఫోన్‌తో చేయండి."

మేస్త్రీ ఫోన్ నుంచి కలిపి, స్పీకర్ ఆన్‌లోనే ఉంచి, అతని చొక్కా జేబులో పెట్టింది. ఈసారి ముందు ఆమె... వెనక మేస్త్రీ. ఒక కాలికే చెప్పు. బండి ఎగిరింది!

*

బ్యాంకు మూసేసి ఉంది. షట్టర్ ముందు ఒకటే ట్యూబులైటు, ఆరుతూ వెలుగుతూ. గేటు లోపల స్టూలు మీద గార్డు కునికిపాట్లు పడుతున్నాడు. భుజాన పొడుగాటి తుపాకీ. నోట్లో విజిల్.

గార్డు ఉన్నాడు. హమ్మయ్య!

మేస్త్రీ సంచి గేటు పక్కన పెట్టాడు. అందులో అతను బేకరీ నుంచి తెచ్చుకున్న ఎండిపోయిన బ్రెడ్డు ముక్కలు, పైన మడత పెట్టిన పేపరు. ఇద్దరూ రోడ్డుకి అవతల, ఆగివున్న ట్రాలీ వెనక నక్కారు.

ఐదు నిమిషాలు...

ఎనిమిది...

అడుగుల చప్పుడు.

ఎర్ర టోపీ!

అటూ ఇటూ చూశాడు. వంగాడు. సంచి అందుకున్నాడు...

"వద్దు మేస్త్రీ! ఆగు!"

ఆగితే ఆయన మేస్త్రీ ఎందుకవుతాడు? పాతిక వేలు కళ్ళ ముందు నడిచిపోతుంటే రక్తం ఆగుతుందా? పిండి బస్తాలు మోసిన ఒళ్ళు. ఒక్క ఊపున వెళ్ళి ఎర్ర టోపీని నేలకేసి అదిమేశాడు!

"నా డబ్బు తియ్యరా!"

"అయ్యో! అమ్మో! నడుము... నా నడుము బాబూ!"

టోపీ దొర్లిపోయింది. కింద తెల్లజుట్టు. డెబ్బై ఏళ్ళ ముసలాయన!

"నా డబ్బేగా బాబూ నేను తీసుకున్నది! పాత ఫ్రిజ్ అమ్మాను. ఆ కొన్నాయన డబ్బు ఇక్కడ సంచిలో పెట్టించానన్నాడు. గుర్తుకి ఎర్ర టోపీ పెట్టుకోమన్నాడు..."

మాస్టారమ్మ రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చింది.

ఇంకొకడు! ఈయనా మనలాంటివాడే!

మరి... వాడెక్కడ?

కీచుమని విజిల్!

గార్డు గేటు తోసుకుని పరుగెత్తుకొచ్చాడు. విజిల్ ఊదుతూనే మేస్త్రీని కాలితో పక్కకి నెట్టాడు. ముసలాయన్ని కదలొద్దని తుపాకీతో సైగ చేశాడు. రెండో చెయ్యి చాచాడు... సంచి కోసం.

"గార్డు గారూ, పోలీసులొస్తున్నారు. అది వాళ్ళకే ఇవ్వాలి," అంది ఆమె.

గార్డు కళ్ళు ఒక్క క్షణం రోడ్డు చివరిదాకా వెళ్ళి వచ్చాయి. విజిల్ నోట్లోంచి తీయలేదు. మాట్లాడలేదు. సంచి లాక్కుని లోపల చెయ్యి పెట్టాడు. పేపరు కింద తడిమాడు...

అతని మొహం మాడిపోయింది.

బ్రెడ్డు ముక్క చూసి బ్యాంకు గార్డుకి ఎందుకంత నిరాశ?

సంచిలో డబ్బుందని ఇతనికి ఎవరు చెప్పారు?

వీపు వెనకే ఫోన్ తిప్పింది. బ్యాటరీ ఒక్క గీత. వేలితో తడుముకుని 'బండి సార్' నొక్కింది.

నిశ్శబ్దం...

ట్రింగ్... ట్రింగ్...

మోగింది!

ఖాకీ చొక్కా జేబులో!

గార్డు నెమ్మదిగా విజిల్ ఉమ్మేశాడు. నవ్వాడు.

"తెలివైనదానివే... చెల్లెమ్మా!"

అదే గొంతు! అదే తేనె!

"రోజూ వందమంది ఫోన్ పట్టుకుని నా స్టూలు దగ్గరికే వస్తారు. డబ్బు ఎలా పంపాలన్నా, ఎలా చూడాలన్నా! ఎవడికి ఏం తెలీదో నాకు తెలుసు. పోలీసులుంటే దొరికేది ఈ ఎర్ర టోపీ, లేకుంటే దొంగని ఆపినట్టు ఆపి సంచి నేనే లాక్కునేవాణ్ణి!" తుపాకీ ఆమె వైపు తిరిగింది. "ఫోన్లు. అన్నీ. ఇలా పడెయ్యండి!"

మేస్త్రీ జేబులోంచి ఆఫీసర్ గొంతు వినపడింది. స్పష్టంగా.

"అంతా రికార్డయింది. తుపాకీ కింద పెట్టు. వీధి మొగలోనే ఉన్నాం!"

గార్డు ఉలిక్కిపడ్డాడు. తుపాకీ గొట్టం మేస్త్రీ జేబు వైపు తిరిగింది...

సరిగ్గా గుండె మీదికి!

ముసలాయన కింద పడే ఉన్నాడు. కానీ చేతులు ఊరికే లేవు. గార్డు మడమ దొరకబుచ్చుకుని బలమంతా పెట్టి లాగాడు!

ధాం!

గురి తప్పి, బండి హెడ్‌లైటు తునాతునకలైంది. గార్డు వెల్లకిలా పడ్డాడు. లేవబోయాడు... లేవలేదు. ఛాతీ మీద మేస్త్రీ కూర్చున్నాడు!

సైరన్లు... లైట్లు... బూట్ల చప్పుళ్ళు...

ఆఫీసర్ స్వయంగా బేడీలు వేసింది. పొట్టి మనిషి. ఫోన్లో గొంతు కంటే చాలా చిన్నది.

"పాతిక వేలు ఖాతాలోనే ఆగిపోయాయి. టైము పడుతుంది కానీ వెనక్కొస్తాయి," అంది మేస్త్రీతో. ముసలాయన్ని లేపి కూర్చోబెట్టింది. "మీ ఫ్రిజ్ సంగతి కూడా రాయించండి తాతగారూ."

మేస్త్రీ కళ్ళు తుడుచుకున్నాడు. చేతికున్న మైదా మొహమంతా అంటుకుంది.

మాస్టారమ్మ బండికి ఆనుకుని నిలబడింది. అయిపోయింది... అంతా అయిపోయింది...

ట్రింగ్... ట్రింగ్...

ఆమె ఉలిక్కిపడింది. ఆఫీసర్ చేతిలో ఉన్న గార్డు ఫోన్!

కొత్త నంబరు. ఆఫీసర్ స్పీకర్ నొక్కి, మాట్లాడొద్దని సైగ చేసింది.

"అన్నయ్యా!" ఎవరో ఆడపిల్ల. చిన్న గొంతు. సంతోషం పట్టలేకుండా ఉంది. "మీ బావమరిది వచ్చి బండి చూసుకున్నాడు. డబ్బు పడినట్టు మెసేజ్ కూడా వచ్చింది. మీరు చెప్పినట్టే ధర మాటెత్తలేదు..."

మాస్టారమ్మ ఆఫీసర్ చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఇవ్వకు తల్లీ! తాళం ఇవ్వకు! మెసేజ్ కాదు, ముందు నీ ఖాతా తెరిచి చూసుకో! వినపడుతోందా? తాళం..."

అవతల నుంచి వినపడింది...

బండి స్టార్టయిన చప్పుడు!