గాలి కన్ను

"కిటికీ తెరవకండి టీచర్‌గారూ, పుట్టీ ఇంకా ఆరలేదు," అన్నాడు అద్దాలు బిగించే అబ్బాయి.

"నిన్నా ఇదే అన్నారు."

"నిన్నా ఆరలేదు మరి."

వంటగదిలో ఈ మాటలు విని టీచర్ తల్లి హడలిపోయింది. గాలివానకు పగిలిన అద్దం మార్చమంటే, ఈ పిల్లాడు రోజూ వచ్చి చుట్టూ పూసిన పుట్టీని వేలితో నొక్కి చూసి పోతున్నాడు. అద్దం ఊడి కూతురి నెత్తిన పడుతుందేమోనని ఆవిడ మంచం కూడా జరిపించేసింది.

కూతురు ఇంట్లోనే పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది. అతనికీ చెప్పడం మొదలుపెట్టింది.

"విండో అసలు ఇంగ్లీషు మాట కాదు తెలుసా? నార్స్ అని ఓ పాత భాషది. గాలి కన్ను అని అర్థం. అప్పట్లో కిటికీకి అద్దం ఉండేది కాదు."

"అయితే నేను పెట్టింది?"

"కళ్ళజోడు!"

ఇద్దరూ పకపకా నవ్వారు. అంతలోనే అతని గొంతు తగ్గింది.

"రేపట్నుంచి రాలేనండీ. వేరే ఊళ్ళో పెద్ద బిల్డింగు పని. ఏడాది పట్టొచ్చు."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"వెళ్ళిరండి."

"అంతేనా? ఇంకేం చెప్పరా?"

"ఏం చెప్పను? మా అమ్మకి భయం. గాలొస్తే జలుబంటుంది, వానొస్తే జ్వరమంటుంది. ఇక మనిషొస్తే..."

తల్లి చేతిలో గరిటె ఆగింది. స్టవ్ కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, పుట్టీని గోటితో గీరి చూసింది.

"రాయిలా ఉందేమిటి అబ్బాయీ! ఎప్పుడు ఆరింది?"

అతను తల దించుకున్నాడు. "ఎప్పుడో ఆరిందండీ. ఆ మాట చెప్పేస్తే మళ్ళీ రావడానికి వంకేముంటుంది?"

"హడలగొట్టి చంపావు కదయ్యా!"

ఆవిడ కూతురి వైపు తిరిగింది. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. జలుబుకీ జ్వరానికీ ఇంట్లో మందులున్నాయి. దీనికి లేదు.

ఆవిడ గడియ లాగి కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచింది. చల్లగాలితోపాటు చినుకులు లోపలికొచ్చి ముగ్గురినీ తడిపాయి.

"ఎన్నో అంతస్తులో పని?"

"పైఅంతస్తులోనండీ."

"అయ్యో అయ్యో! నడుముకి తాడు కట్టుకుంటావా? అది గట్టిదేనా? రోజూ కిందికి దిగగానే ఫోన్ చెయ్యి. నాక్కాదు, దానికి!"

అతను బిత్తరపోయి టీచర్ వైపు చూశాడు. "అమ్మగారికి కోపమొచ్చిందా?"

టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది.

"కాదు. మా అమ్మ పరాయివాళ్ళ గురించి భయపడదు."