ఆకులు కుక్కిన చొక్కా

మా ఊళ్ళో హాలోవీన్ నాడు వేషాలేసుకుని మిఠాయిల కోసం తిరిగే పిల్లలు ఎప్పుడు పడితే అప్పుడు తలుపులు తట్టరు. సాయంత్రం ఆరింటికి ఫైర్ స్టేషన్ సైరన్ మోగితే బయల్దేరతారు. ఎనిమిదింటికి మళ్ళీ మోగితే ఇళ్ళకి పోతారు. వరండా దీపం వెలుగుతున్న ఇంటికే వెళ్ళాలి, ఆర్పేసిన ఇంటి జోలికి పోకూడదు. ఈ కట్టుబాటు నాకు చాలా నచ్చేది. మావాళ్ళంతా దూరంగా లూసియానాలో ఉంటారు. ఈ ఒహైయో చలిలో, మా ఆయన రెండో షిఫ్టుకి పోయాక, ఇద్దరు పిల్లలతో నేనొక్కదాన్నే ఇంట్లో ఉండేదాన్ని. ఏదైనా ఫలానా వేళకి మొదలై ఫలానా వేళకి అయిపోతుందంటే నా ప్రాణం కుదుటపడేది.

ఆ ఏడు మా అబ్బాయి గ్రేడీకి పందొమ్మిదేళ్ళు. పొద్దున కాలేజీ, తర్వాత హార్డ్‌వేర్ కొట్లో పని. రాత్రికి స్నేహితుల ఇంట్లో పార్టీ ఉంది, వేషం లేకుండా వస్తే లోపలికి రానివ్వరట.

"దుకాణంలో వేషాలు చూశావా అమ్మా? పల్చటి గుడ్డ, దానికో ప్లాస్టిక్ ముఖం. నా వారం పెట్రోలు డబ్బు మింగేస్తాయి. నేనే తయారు చేసుకుంటా."

"నువ్వా? బొత్తాం ఊడితే నా దగ్గరికి పరిగెత్తుకొస్తావు కదరా!"

"అందుకే కుట్టక్కర్లేని వేషం ఎంచుకున్నా. దిష్టిబొమ్మ."

చర్చి వాళ్ళు పాత బట్టలమ్మే చోట గళ్ళచొక్కా, భుజాల మీద పట్టీలుండే పొలం ప్యాంటు, ఒక జత చేతితొడుగులు ఏరుకొచ్చాడు. కూరగాయల కొట్టువాడు గోనెసంచి ఊరికే ఇచ్చాడు. దాని మీద మా నోలా నల్లరంగుతో కళ్ళు, నోరు గీసింది. నోలాకి ఎనిమిదేళ్ళు. నోరు కాస్త వంకరగా వచ్చిందని ఏడుపు మొహం పెడితే, "అదే బావుందిలేవే, అచ్చం నీలా ఉంది," అన్నాడు వాళ్ళన్న.

ఈ వేషంలో ఒక తమాషా ఉంది, ఇక్కడి కుర్రాళ్ళందరికీ తెలిసిందే. ముందు ఆ బట్టల్లో రాలిన ఆకులు కుక్కి, మనిషిలా చేసి వరండా కుర్చీలో కూర్చోబెడతారు. వారం రోజులు అది అక్కడే ఉంటుంది. వీధిలో పిల్లలు దానికి అలవాటు పడిపోతారు. పండగ సాయంత్రం ఆకులు తీసేసి ఆ బట్టల్లో తామే దూరి, ఒళ్ళో చాక్లెట్ల గిన్నె పెట్టుకుని కదలకుండా కూర్చుంటారు. పిల్లలు గిన్నెలో చెయ్యి పెట్టగానే ఒక్క గెంతు.

మా బొమ్మకి మెర్విన్ అని పేరు పెట్టాం. ఆ వారమంతా వస్తూ పోతూ అందరూ దాన్ని పలకరించారు. పక్కింటావిడ ప్రూయిట్ గారైతే రోజూ ఆగేవారు.

"మీ ఆయన కంటే నయం కదమ్మా! చెప్పినచోట కూర్చుంటాడు, ఎదురు మాట్లాడడు."

నేనూ నవ్వేదాన్ని. పొద్దున్నే తలుపు తీసి, "నిద్ర పట్టిందా మెర్విన్?" అనేదాన్ని. వాన పడితే పైన దుప్పటి కప్పాను కూడా. అందరం అలాగే చేశాం.

నా బెంగల్లా ఆ గోనెసంచి గురించే. ముక్కు దగ్గర కత్తెరతో రంధ్రాలు పెద్దవి చేశాను.

"దిష్టిబొమ్మకి కూడా ఊపిరాడాలా అమ్మా?"

"నా కొడుక్కి ఆడాలి."

ఆ సాయంత్రం గ్రేడీ పని నుంచి ఆలస్యంగా వచ్చాడు. సైరన్‌కి ఇంకెంతో సేపు లేదు. చొక్కా పొట్ట దగ్గరి ఆకులు మాత్రం గబగబా తీసి పారేశాడు. చేతుల్లో, కాళ్ళలో ఉన్నవి అలాగే ఉంచి, వాటిని తోసుకుంటూ లోపలికి దూరాడు.

"అన్నీ తియ్యరా, గుచ్చుకుంటాయి."

"కొన్ని ఉంటేనే నిజంగా ఉంటుంది. కట్టేయమ్మా, తొందరగా!"

నేనే కట్టాను. మణికట్ల దగ్గర, చీలమండల దగ్గర, మెడ దగ్గర పురికొసతో రెండేసి ముళ్ళు వేశాను. నాకు ఏదీ వదులుగా ఉండటం నచ్చదు.

సైరన్ మోగింది. నోలా ప్రూయిట్ గారితో వీధిలోకి వెళ్ళింది. నేను లోపల యాపిల్ రసం వెచ్చబెడుతూ వింటున్నాను. చిన్న పాదాల చప్పుడు, గుసగుసలు, ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత కేకలు, నవ్వులు, మెట్లు దిగి పారిపోవడం. గ్రేడీ పగలబడి నవ్వుతున్నాడు. మళ్ళీ కుర్చీ కిర్రుమనడం. ఇలా ఎన్నోసార్లు జరిగింది.

బయట గాలి లేచింది. జాలీ తలుపులోంచి తడి ఆకుల వాసన, ముఖం చెక్కి పెట్టిన గుమ్మడికాయలో కాలుతున్న కొవ్వొత్తి వాసన లోపలికి వచ్చాయి. పిల్లల గుంపు ఒకటి వచ్చి వెళ్ళింది. కేకలు లేవు. ఇంకో గుంపు వచ్చింది. గిన్నెలో చాక్లెట్లు కదిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు. అలసిపోయాడు కాబోలు అనుకున్నాను.

ఎవరో తలుపు తట్టారు. సముద్రపు దొంగ వేషంలో ఒక పిల్లవాడు.

"ఆంటీ, మీ బొమ్మ గిన్నె పడేసింది."

"అది బొమ్మ కాదు బాబూ, మా అబ్బాయి."

వాడు వెనక్కి తిరిగి కుర్చీ వంక చూశాడు. "కాదాంటీ. మేం చెయ్యి నొక్కి చూశాం."

అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నేను బయటికి వచ్చాను. వరండా దీపం కింద గ్రేడీ తల ఒక పక్కకి వాల్చి కూర్చున్నాడు. చాక్లెట్లు కాళ్ళ చుట్టూ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

"ఒరేయ్, చాలుగానీ లే."

కదల్లేదు.

"నన్ను భయపెట్టాలని చూడకు. నాకు గుండెదడ అని తెలుసు కదా!"

గోనెసంచి లోపలినుంచి చిన్న గొంతు. "అమ్మా..."

"ఏంరా?"

"లేవలేకపోతున్నా."

"తిమ్మిరెక్కిందా?"

"తెలీట్లేదు... చేతులెక్కడున్నాయో తెలీట్లేదు."

భుజం పట్టుకున్నాను. నా వేళ్ళు లోపలికంటా పోయాయి. కరకర...

మణికట్టు దగ్గరి ముడిని గోళ్ళతో లాగాను. ముడి ఊడింది. తొడుగు జారి కింద పడింది. చొక్కా చేతిలోంచి ఆకులు... ఎర్రవి, పసుపువి. గుప్పెడు కింద పడ్డాయి. చెయ్యి లోపలికి పెట్టాను. మోచేతి దాకా పెట్టాను. ఆకులే.

"అమ్మా, తియ్యొద్దు!"

"గ్రేడీ... నువ్వెక్కడున్నావురా?"

"తియ్యొద్దమ్మా... అది నేనే."

గాలి వీచింది. కింద పడ్డ ఆకులు చెక్కల మీద దొర్లుతూ మెట్ల వైపు పోయాయి.

"నన్ను పోనివ్వకు..."

మోకాళ్ళ మీద పడ్డాను. అందినవన్నీ రెండు చేతులా పోగుచేశాను. కొన్ని మెట్లు దాటాయి. కొన్ని గడ్డిలో పడ్డాయి. వాటి వెనక పాకుతూ వెళ్ళాను. గడ్డి నిండా ఆకులే, మా మేపుల్ చెట్టు రాల్చినవి... ఏది వాడిదో, ఏది చెట్టుదో నాకు తెలియలేదు. చూస్తూ ఉండగానే కొన్ని వీధిలోకి వెళ్ళిపోయాయి. ఒక కారు వాటిని లేపుకుంటూ పోయింది.

"అమ్మా, చలేస్తోంది..."

"వస్తున్నా నాన్నా, వచ్చేశా."

చేతికి దొరికినవన్నీ ఒడిలో వేసుకొచ్చాను. చొక్కా చేతిలో కుక్కాను. ఇంకా వదులుగా ఉంది. మళ్ళీ గడ్డిలోకి పరిగెత్తాను, మళ్ళీ తెచ్చాను. నిండేదాకా కుక్కి, తొడుగు తొడిగి, ముడి వేశాను. ఇంకో ముడి. దాని మీద ఇంకోటి.

"ఇప్పుడెలా ఉందిరా?"

తొడుగుని మెల్లగా నొక్కాను.

"గ్రేడీ?"

గోనె మీద నోలా గీసిన నోరు నన్నే చూస్తున్నట్టుంది. సంచికి చెవి ఆనించాను. ఊపిరి వినపడలేదు. ఆ చేతిని నా రెండు చేతుల మధ్య పెట్టుకుని, నాకు తెలిసిన ప్రార్థనలన్నీ చదువుతూ అలాగే కూర్చున్నాను.

ఎనిమిదింటి సైరన్ మోగింది.

తొడుగులో ఏదో గట్టిపడింది. వెచ్చబడింది. వేళ్ళు నా వేళ్ళ చుట్టూ మూసుకున్నాయి. రెండో చెయ్యి పైకి లేచి గోనెసంచి లాగేసింది. గ్రేడీ! జుట్టంతా చెదిరి, చెంప మీద గోనె అచ్చులు పడి ఉన్నాయి.

"నిద్ర పట్టేసిందమ్మా," అన్నాడు. "ఏమైంది, ఎందుకేడుస్తున్నావ్?"

పార్టీకి వెళ్ళలేదు. నేను వద్దనలేదు, తనే మానేశాడు. ఆ బట్టలు పెరట్లో తగలబెడతానంటే మాత్రం, "నిప్పు పెట్టకు," అన్నాడు.

తర్వాత అంతా మామూలుగానే ఉంది. కాలేజీకి వెళ్ళాడు, పనికి వెళ్ళాడు. నోలాతో పోట్లాడాడు. నేను రోజూ వాడి చెయ్యి చూసేదాన్ని. మామూలు చెయ్యే. పట్టుకుంటే కాస్త తేలిగ్గా ఉన్నట్టు అనిపించేది. మా ఆయనతో అంటే నవ్వాడు.

వారం పోయాక మునిసిపాలిటీ ఆకుల బండి మా వీధికి వచ్చింది. రోడ్డు వారన జనం ఊడ్చి పెట్టిన కుప్పల్ని ఏనుగు తొండమంత గొట్టంతో పీల్చుకుపోయే లారీ అది. మా గడ్డిలో ఆకులూ ఊడ్చి అక్కడే పెట్టాం. నేనూ గ్రేడీ వంటింట్లో ఉన్నాం. మోత దగ్గరికి వస్తున్న కొద్దీ వాడు బల్ల అంచు పట్టుకున్నాడు. వేళ్ళు తెల్లబడ్డాయి.

"ఏంరా?"

"ఏం లేదు. పోతుందిలే."

మోత మా ఇంటి ముందే ఆగిపోయింది. ఎవరో తలుపు తట్టారు. నారింజరంగు కోటు వేసుకున్న పనివాడు, మోత వినపడకుండా చెవులకి పెట్టుకున్న డిప్పలు తీసి చేత్తో పట్టుకున్నాడు. మొహంలో రక్తం లేదు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. మీ పిల్లలందరూ ఇంట్లోనే ఉన్నారా?"

"పాప బడికెళ్ళింది. అబ్బాయి ఇక్కడే ఉన్నాడు. ఎందుకు?"

"మీ ఇంటి ముందున్న కుప్ప లాగుతుంటే..." గొంతు తగ్గించాడు. "బండిలోంచి ఎవరో అమ్మా అని పిలిచారండీ. ఇంజను ఆపేశాను. ఇప్పుడు కూడా పిలుస్తున్నారు."

వెనక అడుగుల చప్పుడైంది. గ్రేడీ వచ్చి నా వెనకే నిలబడ్డాడు.

"తలుపు వెయ్యి అమ్మా," అన్నాడు మెల్లగా.

నా చెయ్యి గొళ్ళెం మీద ఉంది. ఆగిన బండిలోంచి సన్నగా ఆకులు కదిలిన చప్పుడు వినిపించింది. నా వెనకనుంచి, నా మెడకి అంత దగ్గరలో... అదే చప్పుడు.