లేని అమ్మాయి కోసం ఎంక్వయిరీ

"అలాంటి అమ్మాయి ఈ వీధిలోనే లేదండీ," అన్నాడు టైలర్, నోట్లో గుండుసూదులు తీయకుండానే.

ఎదురింటి పిన్నిగారిని అడిగాను. "ఆ పిల్లా? పెళ్ళయి వెళ్ళిపోయిందిగా!"

ఇస్త్రీ తాతయ్య నిట్టూర్చాడు. "విమానమెక్కేసింది బాబూ. ఇక రాదు."

నా ఉద్యోగమే అడగడం. ప్రభుత్వ వైర్‌లెస్ కేంద్రంలో చేరేవాళ్ళకి సెక్యూరిటీ క్లియరెన్స్ ఇచ్చేముందు, వాళ్ళ వీధికి వెళ్ళి మంచీచెడ్డా కనుక్కుని రావాలి. ఎంతోమంది గురించి విన్నాను గానీ, ఒకే మనిషి లేకుండానే పెళ్ళి చేసుకుని విమానమెక్కడం మాత్రం అదే మొదలు.

వాన అందుకుంది. అప్లికేషన్లోని అడ్రసు చూసుకుని, టైలర్ షాపు పక్క మెట్లెక్కి మేడమీద తలుపు కొట్టాను. తెరిచిన అమ్మాయి చేతిలో స్క్రూడ్రైవర్, చెవి మీద పెన్సిలు, కళ్ళలో నిప్పులు.

"ఈ నెల కిస్తీ కట్టేశాను. రసీదు చూస్తారా, స్క్రూడ్రైవర్ రుచి చూస్తారా?"

"అయ్యో, నేను వసూలుకి రాలేదండీ! మీ ఉద్యోగం ఎంక్వయిరీకి వచ్చాను."

కింద కుట్టుమిషన్ ఠక్కున ఆగింది. "కొంప మునిగింది!" అన్న కేక మెట్లెక్కి వచ్చింది.

సంగతి అప్పుడు తెలిసింది. వాళ్ళన్నయ్య ఫోటో స్టూడియో కోసం చేసిన అప్పుకి ఈమె పూచీ సంతకం పెట్టింది. స్టూడియో మూతపడింది. ఆనాటి నుంచి వసూలుకి ఎవరొచ్చినా వీధి తలో మాట చెప్పి సాగనంపుతోంది. ప్రేమకొద్దీ!

"ఇప్పుడేం రాస్తారు?"

"విన్నదే రాయాలండీ."

"రాసుకోండి. నేనేం భయపడను," అంది గడ్డం పైకెత్తి. నేను మెట్లు దిగుతుంటే పైనుంచి గొడుగొకటి వచ్చి పడింది. "పట్టుకెళ్ళండి. మీరు రాసుకున్న మా వాళ్ళ అబద్ధాలు తడిసిపోతాయి!"

ఆ గొడుగు కింద నేను పూర్తిగా తడిసిపోయాను.

మర్నాడు ఫైలు మా మేడమ్ బల్ల మీద పెట్టేశాను. "ఇది నేను చూడకూడదు మేడమ్. ఆ అమ్మాయి మీద నాకు... కొంచెం అభిమానం."

"ఎన్నాళ్ళ పరిచయం?"

"నిన్న సాయంత్రం నుంచి."

మేడమ్ కళ్ళద్దాల పైనుంచి చూసి, విచారణ తనే చేస్తానంది. వీధి చెప్పింది చెప్పడానికి మాత్రం నన్ను మూల కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆమె వచ్చింది. చెవి మీద పెన్సిలు అలాగే ఉంది. నా వైపు చూడనైనా లేదు.

"అప్పున్నవాళ్ళని లొంగదీసుకోవడం తేలికమ్మా," అంది మేడమ్. "రహస్యాలు నీ చేతికి ఎలా ఇవ్వమంటావు?"

"బెదిరించాలంటే నేను ముందు దాచాలి కదా మేడమ్? నా అప్పు టైలర్ బాబాయికి తెలుసు, పాలాయనకి తెలుసు. మీకిచ్చిన అప్లికేషన్లో నేనే రాశాను. ఇంకెవరికి చెబుతానని బెదిరిస్తారు?"

"మరి వీధంతా అబద్ధమాడిందే?"

"ఆడింది. తప్పే. వచ్చింది మీవాళ్ళని తెలిసుంటే నా చిన్నప్పటి జామకాయల దొంగతనం కూడా చెప్పేవాళ్ళు. బయటే ఉన్నారు, అడగండి."

తలుపు తీస్తే వరండా బెంచీ మీద టైలర్, పిన్నిగారు, ఇస్త్రీ తాతయ్య బుద్ధిగా కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే ముగ్గురూ లేచి నిలబడ్డారు.

మేడమ్ వాళ్ళ మాటలన్నీ విని, చివరికి ఆమెనే అడిగింది. "మళ్ళీ మీ అన్నయ్య అడిగితే ఆ సంతకం పెడతావా?"

'పెట్టనని చెప్పు తల్లీ' అని మనసులో వేడుకున్నాను.

"పెడతాను," అంది. "ఈసారి కాగితం మొత్తం చదివి పెడతాను. తలవంచుకోవడానికి నేను అప్పు ఎగ్గొట్టలేదు మేడమ్, కడుతున్నాను."

మేడమ్ చిన్నగా నవ్వి, ఫైలు మూసింది.

క్లియరెన్స్ వచ్చిన సాయంత్రం గొడుగు తిరిగివ్వడానికి వెళ్ళాను.

"మళ్ళీ ఎంక్వయిరీనా?"

"ఇది సొంత పని. మీకు పెళ్ళయిపోయిందన్నారు పిన్నిగారు. నిజమేనా?"

"ఆవిడ తొందరపడ్డారు," అంది, నవ్వాపుకోలేక. "ఇంకా కాలేదు."

ఇప్పుడు అయింది, నాతోనే! పొద్దున్నే ఆమె రేడియో విడిభాగాల మధ్య రెండు కాఫీ కప్పులు వెతుక్కోవడంలో ఇంత ఆనందముందని నాకెవ్వరూ చెప్పలేదు.

పెళ్ళితో ఆఫీసులో నా సొంత క్లియరెన్స్ ఫైలు మళ్ళీ తెరిచారు. 'భార్య అప్పులు' అన్నచోట ఆ మాట కొట్టేసి, 'మా ఇద్దరి అప్పు' అని పెద్దక్షరాలతో రాశాను. "నీ క్లియరెన్స్ కూడా మొదటినుంచీ చూస్తారు, తెలుసా?" అంది మేడమ్. చూడనివ్వండి అన్నాను.

నిన్న వాన పడుతుండగా ఎవరో కొత్తాయన, చేతిలో ఫైలుతో, మా వీధిలోకి వచ్చాడు. నా గురించి ఇంకా నోరు తెరిచాడో లేదో, టైలర్ బాబాయి సూదులన్నీ ఉమ్మేసి అరిచాడు:

"ఉన్నాడండీ! మేడమీదే ఉన్నాడు! అప్పు కూడా ఉంది!"