సూరిబాబు గోడ

ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో మోవా అనే ఊరు దాటాక, బిలాస్‌పూర్ రోడ్డుకి ఎడం పక్కన ఎర్ర కంకరమట్టి తవ్వే పాత మొరం గని ఒకటి ఉండేది. పొద్దుగూకితే అటు పోవద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు. పెట్టక్కర్లేదు కూడా. గని నడిచే రోజుల్లో బండ విరిగి పడి ఒక కూలీకి మోకాళ్ల కింద రెండూ పోయాయట. ఎక్కణ్ణించి వచ్చిన మనిషో, పేరేమిటో ఎవరికీ తెలీదు. ప్రాణం పోయింది కానీ మనిషి మాత్రం గని వదల్లేదట. చూసినవాళ్లు — అంటే చూశామన్నవాళ్లు — అందరిదీ ఒకటే మాట.

"మోకాళ్ల పైనుంచి ఉంటాడు. కింద... ఏమీ ఉండదు."

సరిగ్గా అలాంటి చోటే సైకిల్ తొక్కుదాం రండర్రా అని జనాన్ని పోగేశాడు మన సూరిబాబు. తొంభైనాలుగు నాటి సంగతి ఇది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. లావు టైర్ల గేర్ల సైకిలొకటి కొన్నాడు. కొన్న దగ్గర్నించీ తారురోడ్డు ఆయన కంటికి ఆనలేదు. గుట్టలు కావాలి, గోతులు కావాలి!

పిచ్చి ఒక్కడితో ఆగితే బాగుండును. ఆదివారం వస్తే చాలు, రైల్వే కాలనీలోని తెలుగువాళ్లు సగంమంది పారలు, తట్టలు పట్టుకుని గనికి బయల్దేరేవారు. కూలి లేదు, నాలి లేదు. రమణమ్మ కట్టిచ్చిన పులిహోర, సీసాడు టీ — అంతే. రమణమ్మంటే సూరిబాబు భార్య. "ఇంట్లో కుళాయి వాషర్ మార్చమంటే తీరిక లేదు గానీ, అడవికి దారెయ్యమంటే ముందుంటారు" అంటూనే పులిహోరలో జీడిపప్పు వేసేది. పనికి పెద్ద అచ్చయ్య. రిటైరైన గ్యాంగ్‌మన్. జన్మంతా పట్టాలకింద కంకర సర్దినవాడు. ఇప్పుడు దిమ్మిస చేతికిచ్చి మొరం కొట్టమంటే పదేళ్లు తగ్గిపోయేవాడు.

బాటంతా ఒక ఎత్తు, కిందనున్న మలుపొక ఎత్తు. గుట్ట మీంచి జారిన సైకిలు రయ్యిమని వచ్చి అక్కడ తిరగాలి. తిరక్కపోతే ఆవల నీళ్లు నిండిన గొయ్యి. అందుకని మలుపు బయటంచున నడుమెత్తు మొరం పోసి, దిమ్మిస కొట్టి, ఏటవాలుగా కట్ట కట్టారు. సైకిలు దానికి ఒరుసుకుని తిరిగిపోతుంది. దాన్ని మనవాళ్లు "గోడ" అనేవారు. పారలు పట్టడానికొచ్చిన హిందీవాళ్లు కూడా "గోడా, గోడా" అనడమే.

ఆ వచ్చే ఆదివారం పందెం. భిలాయి నించి తెలుగు కుర్రాళ్లు సైకిళ్లేసుకుని వస్తారు. మా బాటలాంటిది మీ ఊళ్లో ఉందేటి అని సూరిబాబు వాళ్ల ముందు తెగ కోశాడు మరి.

అచ్చయ్య మాత్రం ముందే చెప్పాడు. "సూరీ, గోడుంటేనే పందెం. ఎవడైనా ఆ గోతిలో పడ్డాడనుకో, ఈ బాటకి నేనే ముళ్లకంప అడ్డం పెట్టేస్తాను. నీ మీద ఒట్టు."

బుధవారం రాత్రి అకాల వర్షం. గురువారం డ్యూటీ దిగి వెళ్లి చూస్తే — గోడ సగం లేదు!

వాన పని అని తోచొద్దూ? తోచలేదు. గని పైనున్న ఇటుకబట్టీవాళ్లే మొరం ఎత్తుకుపోయారనుకున్నాడు. మసక చీకటి పడింది. గని అడుగున నించుని, బట్టీ వైపు తిరిగి, తనకొచ్చిన ఛత్తీస్‌గఢీలో గొంతు చించుకున్నాడు.

"మోర్ గోడ లా కోన్ లేగిస్ రే...! మోర్ గోడ లా దే రే...!"

నా గోడ ఎవడు పట్టుకుపోయాడ్రా, నా గోడ నాకివ్వండ్రా అని. ఛత్తీస్‌గఢీలో గోడనేమంటారో ఆయనకి తెలీదు, తెలుగు ముక్కే ఇరికించాడు. గని ఆ కేకని నాలుగు పక్కలా తిప్పి తిప్పి పంపింది.  పైన బట్టీ దగ్గర వెలుగుతున్న లాంతరు... టప్పున ఆరిపోయింది.

ఒక్కడే గోడ నిలబెట్టుకుని ఇంటికొచ్చాడు.

శుక్రవారం వెళ్తే గోడ నడిమధ్యన గొయ్యి! ఈసారి వాన లేదు. ఎవరో పారతో శుభ్రంగా తవ్వారు. గోతిలో ఊదొత్తులు, కోసిన నిమ్మకాయ, కాసింత కుంకుమ...

సూరిబాబు రెండడుగులు వెనక్కి వేశాడు. అయినా పౌరుషం చావలేదు. మళ్లీ అదే కేక పెట్టి, సైకిలెక్కి, వెనక్కి చూడకుండా తొక్కాడు.

ఇంటికొచ్చేసరికి రమణమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"ఏవండీ, గనిలో ఉన్నాడే, వాడికి నోరొచ్చిందట! సాయంత్రమయ్యేసరికి కాళ్లు ఎత్తుకుపోయారని ఏడుస్తున్నాడట. నా కాళ్లు నాకిమ్మంటున్నాడట. పాలవాడు చెవులారా విన్నవాళ్ల దగ్గర విన్నాడు!"

"ఎప్పుడే?"

"నిన్న. ఇవాళ కూడా ఏడుస్తాడంటున్నారు. అయ్యబాబోయ్, మీరక్కడే ఉన్నారు కదండీ, మీకేం వినపడలేదూ?"

"...లేదే," అన్నాడు సూరిబాబు. నిజమే, తన కేక తప్ప ఆయనకేం వినపడలేదు.

శనివారం గనికి రమ్మంటే కాలనీలో ఒక్కడూ కదల్లేదు. ఒకడికి జ్వరం, ఒకడి బావమరిది దిగాడు. అచ్చయ్య మంచం మీంచి లేవనే లేదు. "దెయ్యమంటే నాకు భయమేటి! మోకాళ్ల నొప్పి. ఈ టైములో మోకాళ్లతో అటు రావడం... బాగోదు."

తెల్లారితే పందెం. గోడకి గొయ్యి. భిలాయివాళ్ల ముందు తలెలా ఎత్తుకోవడం? ఇన్ని ఆదివారాల చెమట ముళ్లకంప పాలేనా? సూరిబాబుకి ఏడుపొచ్చినంత పనైంది. ఆంజనేయ దండకం చదువుకుంటూ ఒక్కడే పోయాడు.

నీళ్లు పోవడానికి గోడ పక్కన తీసిన మోకాల్లోతు కాలవలో దిగి, మొరం ఎత్తి పోస్తున్నాడు. చీకటి పడింది. సన్నని వెన్నెల. అంతలో...

సర్... సర్... అడుగుల చప్పుడు.

పార ఆపి తలెత్తి చూశాడు. తల మీదుగా దుప్పటి కప్పుకున్న ఆకారమొకటి గుట్ట దిగి వస్తోంది. భుజాన పార. తిన్నగా గోడ దగ్గరికే. వచ్చి... ఆగింది. సూరిబాబుని చూసింది. చూపు మెల్లిగా కిందికి దిగింది. సూరిబాబు మోకాళ్ల దాకా.

ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.

ఆకారం గజగజ వణుకుతూ కూలబడింది. దుప్పట్లోంచి రెండు చేతులూ చాచింది. "లే బబా... లే..." అని గుసగుస. తీసుకో తాతా, తీసుకో అని. సూరిబాబు చేతిలో బరువుగా ఏదో పెట్టింది.

సూరిబాబు తడిమి చూశాడు. చల్లగా ఉంది. మడమ... అరికాలు... ఒకటి, రెండు, మూడు — వేళ్లు!

ఆ అరుపు మోవాలో వినపడిందంటారు. ఆయనకంటే గట్టిగా ఆకారం అరిచింది. సూరిబాబు కాలవలోంచి ఒక్క గెంతు గెంతి గట్టున పడ్డాడు. వెన్నెల్లో ఆయన కాళ్లు చూసి ఆకారం నోరు తెరిచింది.

"అరే! తోర్ తో దూ ఠన్ గోడ్ హే!"

దుప్పటి జారింది. చూస్తే ఇటుకబట్టీ కాపలాదారు బుధారు!

"గోడా? నా గోడ తవ్వింది నువ్వా?" అని సూరిబాబు మొరం కట్ట మీద చరిచాడు. "గోడ!"

బుధారు అయోమయంగా చూసి తన పిక్క మీద చరుచుకున్నాడు. "గోడ్!"

"గోడ!"

"గోడ్!"

అలా కాసేపు చరుచుకున్నాక అసలు సంగతి అర్థమైంది ఇద్దరికీ. వాళ్ల భాషలో గోడ్ అంటే కాలు! ఇందాక బుధారు అరిచింది, నీకు రెండు కాళ్లూ ఉన్నాయే అని. రెండు సాయంత్రాలు గని అడుగునించి "నా కాలు ఎవడు పట్టుకుపోయాడ్రా" అని కేక వినపడితే బుధారు ఏం చేస్తాడు పాపం? మొదటి కేకకి, కొత్తగా పోసిన ఆ మట్టికిందే దెయ్యం తాత కాలుందనుకున్నాడు. పూజ చేసి తవ్వాడు. దొరకలేదు. రెండో కేకకి జాలేసి, బట్టీ మట్టితో కాలొకటి చేసి, కాల్చి పట్టుకొచ్చాడు. కొత్త ఇటుకలా ఎర్రగా ఉంది.

నవ్వీ నవ్వీ ఇద్దరికీ డొక్కలు నొప్పెట్టాయి. లాంతరు పెట్టుకుని కలిసే గోడ కట్టారు.

ఆదివారం పందెం జాతరలా జరిగింది. గోడ ఇసుమంత కదల్లేదు. అచ్చయ్య మోకాళ్ల నొప్పి పొద్దున్నే మాయమైంది. గెలుపు భిలాయివాళ్లదే అయినా, బాట మీదేనండీ అసలు బాటంటే, అని వాళ్లు చేతులు పట్టుకుని చెప్పి వెళ్లారు. సూరిబాబుకి అంతకంటే ఏం కావాలి? మట్టికాలు గోడ మీద నిలబెట్టి, కథ చెప్పి అందర్నీ నవ్వించాడు.

పొద్దుగూకింది. అందరూ వెళ్లిపోయారు. సూరిబాబు ఒక్కడే పారలు సైకిలుకి కట్టుకుంటున్నాడు. నీళ్లగోతి వైపు నించి, మెల్లిగా...

"ఒకటిచ్చావు... మరి రెండోదో, బాబూ?"

అచ్చ తెలుగు. శ్రీకాకుళం యాస.

"అచ్చయ్య బాబాయ్, చాల్లే నీ వేళాకోళం!" అన్నాడు. అటు తిరిగి చూశాడు. గట్టు మీద ఎవరూ లేరు. సైకిలెక్కి ఎలా తొక్కాడో ఆయనకే తెలీదు. మోవా టీకొట్టు దగ్గర ఆగి చూస్తే — బల్ల మీద అచ్చయ్య, చేతిలో సగం తాగిన గ్లాసు.

"ఏటి సూరీ, ఇంతసేపు? ఇది నాకు రెండో టీ."

సోమవారం డ్యూటీకి పోకుండా సూరిబాబు తిన్నగా బట్టీకే వెళ్లాడు. ఎడంకాలు ఎత్తి బుధారుకి చూపించాడు. "గోడ్. ఇంకోటి చెయ్యి భయ్యా. దానికి జత."

"మళ్లీ ఎందుకు? దెయ్యం లేదని తేలింది కదా!" అని హిందీలో నవ్వాడు బుధారు. "ఎవరడిగారు?"

సూరిబాబు గని వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మావాడే."